కళ్లంలో లేదనకూడదు

మా పక్కింటి పెద్దమ్మ టీవీలో కనిపించిన ఏడు మా ఊళ్ళో మిరప విరగకాసింది. ఆ రెంటికీ సంబంధం ఉంది. కాయ తక్కువైన ఏళ్ళలో కళ్లాలు పొలాల్లోనే ఉంటాయి. కార్లలో వచ్చినవాళ్ళు అంత లోపలికి నడిచి రారు. ఆ ఏడు పొలాల్లో చోటు చాలక రోడ్డు వెంబడి ఖాళీ జాగాల్లో కూడా పట్టాలు పరిచి కాయ ఎండబోశారు. పెద్దమ్మ కళ్లం సరిగ్గా రోడ్డును ఆనుకునే ఉంది. ఎరుపు కనపడ్డ చోట కారు ఆగింది.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. ఇళ్ళు పక్కపక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా కూర గిన్నెలు, పచ్చడి, పాత పేపర్లు అటూ ఇటూ తిరిగేవి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె పెద్దమ్మ, ఆమె కొడుకు అన్న, కోడలు వదిన. పెదనాన్న ఎప్పుడో పోయాడు. అన్న సైన్యంలో ఉన్నాడు. వాళ్ళ పాప సత్తెనపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఉన్న పొలం అత్తాకోడళ్ళిద్దరే చేసుకునేవాళ్ళు.

నేను డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉన్నాను. పరీక్షలకు చదువుతున్నానని అమ్మ అందరికీ చెప్పేది. పైకి పోటీ పరీక్షల పుస్తకం, లోపల కథల పుస్తకం. నలుగురిలో నాకు నోరు పెగలదు. పేరంటానికి వెళ్ళినా ఓ మూల కూర్చుని తాంబూలం తీసుకుని వచ్చేస్తాను. అయితే మాట్లాడని మనిషి ముందు మిగతావాళ్ళు ఎక్కువ మాట్లాడతారు. కాయ ఏరుతున్నప్పుడు పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. నేను తాలు కాయ వేరు చేస్తుంటే, అంటే తెల్లబారి గింజ లేని కాయలు తీసి పక్కన పోస్తుంటే, తన మనసులో ఉన్నదంతా చెప్పేది. అందులో చాలా భాగం అన్న గురించే.

ఆ వేసవితో అన్న సర్వీసు నిండుతుంది. పింఛను వస్తుంది. ఇంకా ఉంటానని సంతకం పెడితే మరి కొన్నేళ్ళు ఉంచుకుంటారు. పెట్టకపోతే ఇంటికి వచ్చేయొచ్చు. పెట్టనని, వచ్చేస్తానని అన్న ముందే చెప్పేశాడు. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ప్రతి పనికీ అదే గడువు. వదిన వెనకగది గోడకు సున్నం కొట్టించింది. పాపను హాస్టల్ మాన్పించి ఇంటి నుంచే బడికి పంపిద్దామని అనుకున్నారు. పండుమిరపకాయలు చింతపండుతో తొక్కి జాడీకి ఎత్తి, దాని మూతికి గుడ్డ కట్టి, ఆయన వచ్చిందాకా ఎవరూ దీని జోలికి రావద్దని వదిన నాతో కూడా అంది. నేనేదో దొంగిలించేదాన్నైనట్టు. పెద్దమ్మ అయితే మందు కొట్టే పంపును అటక మీద నుంచి దింపి తుడిచి పెట్టింది.

“ఈ కాపు కోసింది మేము. వచ్చే కాపుకు మందు కొట్టేది వాడు. నేను ఇంక గట్టు మీద కూర్చుని పెత్తనం చేస్తా,” అనేది.

చలికాలంలో అన్న పనిచేసే వైపే సరిహద్దు గొడవ మొదలైంది. మంచుకొండల మీద ఏదో ఒక చోట వాళ్ళు ముందుకొచ్చారని మనవాళ్ళు, మనవాళ్ళే వచ్చారని వాళ్ళు. ఆ చోటు పేరు అప్పటిదాకా మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు. కొద్ది రోజుల్లోనే టీ కొట్టు దగ్గర అందరి నోటా అదే పేరు. అక్కడ సొంత పొలం ఉన్నవాళ్ళలా కొలతలతో సహా చెప్పేవాళ్ళు. టీవీలో మ్యాపు, దాని మీద ఎర్రగీత, పచ్చగీత. యాంకర్ల అరుపులు. పొరుగుదేశం వస్తువులు కొనొద్దని ఒకడు ఆ దేశంలో తయారైన ఫోన్లోనే వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు.

మా నాన్నకు అరిచే చానెళ్ళు పడవు. ఆయన ప్రభుత్వ చానెల్ పెట్టుకుని అన్నం తినేవాడు. అందులో నెమ్మదిగా, చక్కటి తెలుగులో చదువుతారు. అరిచేవాళ్ళు చెప్తే మనం సగం తీసేసి వింటాం, వీళ్ళు చెప్పింది తీసేయడానికేమీ ఉండదు అనేవాడు. నాకైతే ఆ నెమ్మదే భయం వేసేది. ప్రతి బులెటిన్‌లోనూ ఒకే వాక్యం వచ్చేది. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది, దేశ ప్రజలంతా ఏకకంఠంతో ప్రభుత్వాన్ని సమర్థిస్తున్నారు అని. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా మమ్మల్ని ఎవరు అడిగారా అని అనుకునేదాన్ని. తర్వాత నిజంగానే అడగడానికి వచ్చారు.

మా కాయ ఎక్కువగా కొనేది ఆ పొరుగుదేశమే. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ ఆ రోజుల్లో ఎవరూ గట్టిగా అనేవాళ్ళు కాదు. ఒకసారి నాన్నకు టీ కొట్టుకు ఫ్లాస్కు తీసుకెళ్ళినప్పుడు విన్నాను.

“ఒరేయ్, ఈసారి వాళ్ళకు కాయ అమ్మకూడదంట,” అన్నాడొకాయన.

“అమ్మకపోతే నీ ఇంట్లో పోసుకుని తింటావా?”

“దేశం కోసం తింటా.”

“రేప్పొద్దున కనపడు, మాట్లాడుకుందాం.”

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు అయిపోయాక ఎవరి మొహంలోనూ నవ్వు మిగల్లేదు.

పెద్దమ్మకు మాత్రం ఒకటే అనుమానం. కాయ ఏరుతూ నన్ను అడిగింది, ఆడ ఏం పండుద్దే అని. ఏమీ పండదని చెప్పాను. నీళ్ళుంటాయా అంది. గడ్డకట్టి ఉంటాయన్నాను. గొడ్లన్నా తిరుగుతాయా అంది. పుస్తకాల్లో చదివింది గుర్తు చేసుకుని కనుమలు, పాత ఒప్పందాలు, ఎప్పుడో దొరలు గీసిన గీతలు, నాకు తెలిసినంతలో చెప్పాను. ఓపిగ్గా అంతా విన్నది.

“మన చవుడు నేల ముక్క కోసం మీ పెదనాన్న కోర్టు చుట్టూ తిరిగీ తిరిగీ పోయాడు,” అంది చివరకు. “ఏదో పిచ్చి అనుకున్నా. అయినా ఆడ తుమ్మచెట్లన్నా మొలిచినయ్.”

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. కళ్లంలో కాయ ఉన్నన్నాళ్ళూ లేదు అనే మాట అనరు. ఆ రోజుల్లో గంగిరెద్దులవాళ్ళు వస్తారు, మంగలి వస్తాడు, చాకలి వస్తుంది, దర్గా పేరు చెప్పి ఫకీర్లు వస్తారు. ఎవరొచ్చి అడిగినా చేటతో ఇంత పోస్తారు. పోయడం ఇష్టం లేకపోతే మళ్ళీ రమ్మంటారు తప్ప లేదనరు. లేదంటే ఆ మాట కళ్లానికి తగులుతుందట. మా అమ్మ అయితే కళ్లం దగ్గర ఉప్పు డబ్బా ఖాళీ అయినా, ఉప్పు నిండుకుందంటుంది కానీ లేదనదు. చదువుకున్నదాన్ని నేను కూడా అక్కడ కూర్చున్నంతసేపూ ఆ మాట నోట్లోంచి రాకుండా చూసుకుంటాను.

ప్రభుత్వ చానెల్ వాళ్ళు బెజవాడ నుంచి వచ్చారు. సైనికుల కుటుంబాల మీద ఏదో కార్యక్రమం చేస్తున్నారట. సర్పంచ్ గారు వెంటబెట్టుకుని వచ్చారు. ప్రశ్నలడిగే ఆయన నడివయసు మనిషి, చాలా మర్యాదస్తుడు. కళ్లం అంచున చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అది చూసి పెద్దమ్మ మొహం విప్పారింది. సొంత మేనల్లుళ్ళే చెప్పులతో కాయ తొక్కుతారు, పెద్ద ఉద్యోగస్తుడు చూడు ఎంత మన్నన అని నా చెవిలో అంది.

వచ్చినవాళ్ళకు ఘాటు పట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు తుమ్ములు. మేమంతా ముక్కుకూ నోటికీ గుడ్డలు కట్టుకుని ఉన్నాం. వదిన మజ్జిగ తేవడానికి ఇంటికి పరిగెత్తింది. కెమెరా అతను కళ్లం చుట్టూ తిరిగి చూసి, ముందు వైపు పోసి ఉన్న తాలు కుప్పను చూపించి, అమ్మా ఆ తెల్లవి ఫ్రేములో పడుతున్నాయి, కొంచెం అవతల పెడతారా అన్నాడు. మేం గంపకెత్తి వెనక్కు పెట్టాం. తర్వాత పెద్దమ్మను నోటి గుడ్డ విప్పమన్నాడు. విప్పింది. గుడ్డ కట్టుకున్న మేరకు మొహం ఒక రంగు, పైన ఒక రంగు. కొంగుతో తుడుచుకుంది కానీ అది తుడిస్తే పోయేది కాదు.

అప్పటికి జనం పోగయ్యారు. పక్క కళ్లాల కూలీలు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, టీ కొట్టు బ్యాచి మొత్తం. నేను పక్కనే ఉన్న బస్తాల వెనక్కు జరిగాను. నన్నెక్కడ అడుగుతారో అని.

మీ అబ్బాయి సరిహద్దులో ఉన్నాడు కదా, మీకు ఎలా అనిపిస్తోందని ఆయన అడిగాడు.

“ఎట్టా ఉంటదయ్యా. ఎప్పుడొత్తాడా అని ఉంటది,” అంది పెద్దమ్మ.

అది తల్లి మనసమ్మా, దేశం సంగతి కూడా ఒక మాట చెప్పండి అన్నాడాయన. పెద్దమ్మ కాస్త ఆలోచించి, నన్ను అడిగిందే ఆయన్నీ అడిగింది. “ఆడ ఏం పండుద్దయ్యా?”

జనం గొల్లున నవ్వారు. ఆయన కూడా మనసారా నవ్వాడు. కెమెరా దించేశారు. పెద్దమ్మ వాళ్ళ నవ్వు చూసి తనూ నవ్వి, వేసవికి మావాడు వచ్చేస్తున్నాడయ్యా, సర్వీసు అయిపోయింది అని సంతోషంగా చెప్పింది. ఆయన నవ్వు ఆపాడు. దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, అయినవాడిలా చెప్పాడు. ఇప్పుడు ఆ మాట వేస్తే చూసేవాళ్ళు తప్పుగా అనుకుంటారమ్మా, అవతల గొడవ జరుగుతుంటే ఈయన ఇంటికి పోతున్నాడా అంటారు, మీ అబ్బాయికే చెడ్డపేరు అని. ఆయన మంచికే చెప్పాడు. ఇప్పటికీ నేను అలాగే అనుకుంటాను. అబద్ధం చెప్పమని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

మళ్ళీ కెమెరా ఎత్తారు. ఆయన ఉత్త కాళ్ళతో కళ్లంలో నిలబడి, రెండు చేతులూ జోడించినట్టుగా పెట్టి అడిగాడు.

“దేశానికి మీ అబ్బాయి ఇంకా కావాలమ్మా. దేశం అడిగితే మీరేమంటారు?”

వదిన అప్పుడే మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో వచ్చి జనం వెనక నిలబడింది. పెద్దమ్మ ఆమె వైపు చూసింది. సర్పంచ్ గారి వైపు చూసింది. తర్వాత కాళ్ళ దగ్గరున్న కాయ వైపు చూసింది.

“అడిగితే లేదంటామా అయ్యా,” అంది. “ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకోండి.”

జనం చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద పత్తి లారీ హారన్ మోగింది. ఆయన ఆ మాట ఇంకొకసారి చెప్పమని బతిమాలాడు. పెద్దమ్మ మళ్ళీ చెప్పింది. రెండోసారి ఆయన అందించినట్టుగా, దేశం అడిగితే అని మొదలుపెట్టింది. మొదటిసారి కన్నా బాగా వచ్చింది. మజ్జిగ తాగి, తుమ్ముకుంటూ వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు పెద్దమ్మ వాళ్ళ కారులో సంచెడు ఎర్రకాయ పోయించింది.

కారు పోయాక నా పక్కన కూలబడి, “ఏమన్నానే నేను?” అని అడిగింది. చెప్పాను. ఓ మాటేగా, టీవీవాళ్ళు పోతానే పోద్దిలే అంది.

ఆదివారం సాయంత్రం వేశారు. మా ఇంట్లో టీవీ పెద్దది కాబట్టి అందరూ మా ఇంటికే వచ్చారు. ముందు జెండా, వెనక సన్నగా సంగీతం, తర్వాత తెర నిండా మా కాయ. అంత ఎర్రటి కాయ నేను కళ్ళారా చూసిన కళ్లంలో లేదు. పెద్దమ్మ మొహం వచ్చింది. ఎప్పుడొత్తాడా అన్న మాట లేదు. ఏం పండుద్ది అన్న మాట లేదు. వేసవి లేదు. దేశం అడిగితే లేదంటామా, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకోండి. అంతే. దాని వెనక ఆ నెమ్మదైన గొంతు, దేశ ప్రజల ఏకకంఠం గురించి. చూస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. ఎదురుగా కూర్చుని, అక్కడ ఏం జరిగిందో మొత్తం తెలిసీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

నాన్న లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళు పెద్దమ్మ చేతులు పట్టుకున్నారు. ఆమె తెర వైపు వింతగా చూస్తూ కూర్చుంది, అచ్చం తనలాగే ఉన్న ఇంకెవరినో చూస్తున్నట్టు.

వదిన అత్తను తీసుకుని ఇంటికి పోయింది. గోడ అవతల నుంచి ఆమె గొంతు వినపడింది, పెద్దగా కూడా కాదు.

“వాళ్ళకు కాయ పోశారనుకున్నా అత్తయ్యా. మనిషిని కూడా పోశారా?”



ఆ ముక్క ఫోన్లలో ఊళ్ళూ జిల్లాలూ దాటిపోయింది. సెంటర్లో పెద్దమ్మ ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. బళ్ళో పిలిచి శాలువా కప్పారు. ఆమె ఎక్కడికి వెళ్ళినా కుర్చీ వేసేవాళ్ళు. కుర్చీ వేశాక కింద కూర్చోలేదు కదా, కూలీ ఆడవాళ్ళతో కబుర్లు ఆగిపోయాయి. నేను వీడియో కింద జనం రాసినవి చదివాను. అన్నీ దండాలు, జేజేలు. ఎవరో ఒకామె మాత్రం, మరి ఆయన భార్యను ఎవరైనా అడిగారా అని రాసింది. దాని కింద ఆమెను తిట్టిన తిట్లు చూసి ఫోను బోర్లా పెట్టేశాను. నాకు తెలిసింది రాయాలని ఎన్నోసార్లు మొదలుపెట్టాను. ఏం రాసినా పెద్దమ్మ అబద్ధమాడిందనే అవుతుంది. ఆమె అబద్ధమాడలేదు. ఆ మాట ఆమే అంది, నేను విన్నాను.

వింత ఏమిటంటే ఊళ్ళో ఎవరిని విడిగా కదిలించినా ఒకటే మాట. మా అమ్మ అన్నం వడ్డిస్తూ, ఆ కోడలు పిల్ల మొహం చూళ్ళేకపోతున్నాను, వాడు వచ్చేస్తే బాగుండు అంది. నాన్న కూడా, ఇన్నేళ్ళు చేశాడు, చాలదూ అన్నాడు. సర్పంచ్ గారి భార్య గుళ్ళో కనపడి అదే అంది. మళ్ళీ అదే నాన్న టీ కొట్టు దగ్గర, అదీ తల్లంటే అని చెయ్యి తిప్పుతూ చెప్పడం నేను విన్నాను. అక్కడున్నవాళ్ళంతా తలలూపారు. వాళ్ళు కూడా ఇళ్ళకు వెళ్ళి ఏమనుకుంటారో నాకు తెలుసు. ఎదుటివాడు నిజంగానే అలా అనుకుంటున్నాడని ఒక్కొక్కరికీ నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టేంత గొంతు మా ఊళ్ళో ఎవరికీ లేదు. నాకు అసలే లేదు.

కొన్నాళ్ళకు అన్న ఫోన్ చేశాడు. పెద్దమ్మకు ఫోన్లో మాట సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెడతారు. ఫోన్ వచ్చిందని తెలిసి చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

అన్న గొంతులో అంత ఉత్సాహం నేను ఎప్పుడూ వినలేదు. అక్కడ అందరికీ పెద్ద తెర మీద చూపించారట. కింద హిందీలో అక్షరాలు వేశారట. ఆఫీసరు పిలిచి షేక్ హ్యాండ్ ఇచ్చాడట. పంజాబు కుర్రాళ్ళు కూడా, అమ్మ బాగుందా అని అడుగుతున్నారట.

“నువ్వు ఏమనుకుంటావోనని ఇన్నాళ్ళూ నేనే భయపడ్డానమ్మా,” అన్నాడు. “నువ్వే ఉండమన్నాక ఇంకేముంది. సంతకం పెట్టేశాను.”

చుట్టూ ఉన్నవాళ్ళు భలే అన్నారు. పెద్దమ్మ ఫోన్ పట్టుకుని, సరే నాయనా, సరే నాయనా అంటూనే ఉంది. వదిన లోపలికి వెళ్ళిపోయింది. వదినకు ఇవ్వమని అన్న అడిగాడు. బట్టలుతుకుతోందని ఎవరో చెప్పారు.

ఎవరూ లేనప్పుడు మళ్ళీ చేయించమని పెద్దమ్మ నన్ను అడిగింది. మూడో రోజుకో నాలుగో రోజుకో మధ్యాహ్నం పూట లైను దొరికింది. వాళ్ళింట్లో మేం ముగ్గురమే ఉన్నాం. వదిన గుమ్మంలో నిలబడింది. పెద్దమ్మ ముందే అనుకుని పెట్టుకున్నట్టుంది, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేను అట్టా అనాలని అన్లేదురా, ఆయన కళ్లంలోకి వచ్చి చేతులు జోడించి అడిగాడు, నోటికి లేదని రాలేదు, అంతే, నువ్వు వచ్చేయ్, నాకు కాళ్ళు ఈడుస్తున్నాయి, నీ పెళ్ళానికి ఒంటరి బతుకై పోయింది, వచ్చేయ్ అని.

అటు అన్న నవ్వాడు. ప్రేమగానే నవ్వాడు.

“నాకు తెలుసులేమ్మా. తల్లివి కదా, ఇంట్లో ఇట్టాగే అంటావు. నలుగురిలో ధైర్యంగా అన్నావు చూడు, అదీ నువ్వంటే.”

“అది కాదురా...”

“ఇప్పుడు వస్తానంటే ఇక్కడ నా మొహం ఎవరైనా చూస్తారా? నీ మొహం మాత్రం ఊళ్ళో చూస్తారా? అయిపోయిందిలే అమ్మా. ఎంతలో తిరిగొస్తాయి ఏళ్ళు.”

పెద్దమ్మ ఫోను నాకిచ్చింది. నేను వదినకిచ్చాను. వదిన చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది. అవతల అన్న ఏదో చెప్తూనే ఉన్నాడు. ఊఁ అంది, ఊఁ అంది, పెట్టేసింది. తర్వాత అటకెక్కి జాడీ దింపి, మూతి గుడ్డ విప్పి, ఒక గిన్నెలోకి పచ్చడి తీసి నా చేతిలో పెట్టింది. మీ నాన్నకిష్టం కదా, తీసుకెళ్ళు అంది.

ఎండాకాలం నడిమికి సరిహద్దు గొడవ ఆగిపోయింది. ఎవరు వెనక్కు తగ్గారో, అసలు తగ్గారో లేదో ఎవరికీ సరిగా తెలియదు. టీవీలో రెండు దేశాల పెద్దలు బల్లకు అటూ ఇటూ కూర్చుని నవ్వుతున్నారు. మ్యాపు కనపడటం మానేసింది. ఆ కొండ పేరు నాన్న నోట్లో తిరగడం మానేసింది. నేను ఒకసారి గుర్తు చేస్తే, ఏదో ఉండేదే దాని పేరు అన్నాడు. ఆ నెమ్మదైన గొంతు, చర్చలను ప్రజలంతా ఏకకంఠంతో స్వాగతిస్తున్నారని చదివింది. ఆగిన కాయ లారీలు మళ్ళీ కదిలాయి. పెద్దమ్మ కాయ కూడా ఆ దేశానికే పోయి ఉంటుంది. అన్న మాత్రం రాలేదు. సంతకం పెట్టింది గొడవకు కాదు, ఏళ్ళకు.

వానలు పడ్డాక పంపు భుజాన వేసుకుని మందు కొట్టింది వదినే.

మళ్ళీ ఏడు కాయ ఒక మోస్తరుగా కాసింది. అయినా కళ్లం రోడ్డు పక్కనే వేశారు, అలవాటైన చోటని. ఒకరోజు సర్పంచ్ గారు వచ్చి, ఆ టీవీవాళ్ళు మళ్ళీ వస్తున్నారు, ఏడాది తర్వాత ఆ తల్లి ఎలా ఉందో చూపిస్తారట అని చెప్పి వెళ్ళారు. రావొద్దని చెప్పమన్నట్టు పెద్దమ్మ నా వైపు చూసింది. నేను సర్పంచ్ గారి వెనక వీధి మలుపు దాకా వెళ్ళాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూ నడుస్తున్నారు. ఆ ఫోను అయ్యేదాకా ఆగాలనుకున్నాను. ఆయన ఇంట్లోకి వెళ్ళేదాకా అది అవ్వలేదు. తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ నా మొహం చూసి మళ్ళీ కాయలోకి వంగింది.

ఈసారి ఏమంటావని నేనే అడిగాను. కాయ ఏరుతూనే చెప్పింది.

“ఇంకేమంటానే. వాడు చూత్తంటాడుగా. ఇప్పుడు వేరే మాట అంటే ఆడ వాడు తలెత్తుకు తిరగాలా వద్దా?”

అదే మనిషి వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పేరుపేరునా పలకరించాడు, నన్ను కూడా, బాగా చదువుతున్నావా అమ్మా అని. కెమెరా అతను వేరే. పెద్దమ్మ ఎవరూ చెప్పకుండానే నోటి గుడ్డ విప్పి, మొహం కడుక్కుని, పోయినసారి కూర్చున్న చోటే కూర్చుంది. ఆయన ప్రశ్న పూర్తిగా అడగకముందే మాట అందుకుంది. దేశం అడిగితే లేదంటామా అయ్యా. గొంతు ఎక్కడా తడబడలేదు. లారీ ఏదీ రాలేదు. ఒక్కసారికే సరిపోయింది.

వదిన ఈసారి మజ్జిగ ముందే కలిపి ఉంచింది. కెమెరా అతను ఇంకా మూడు కాళ్ళ స్టాండు విప్పుకుంటుండగానే, ఆమె వంగి, ముందు వైపున్న తాలు కాయ మొత్తం గంపకెత్తుకుని, ఇంటి వెనక్కు తీసుకెళ్ళి పెట్టి వచ్చింది. అతనింకా ఏమీ అడగలేదు.